ఇరవయ్యా, ముప్ఫయ్యా? విటమిన్ డి పేచీ ఇక్కడ మొదలైంది

రక్తపరీక్ష రిపోర్టులో విటమిన్ డి ఎదురుగా 24 అని ఉంటుంది. పక్కనే 30 నుంచి 100 అని హద్దు, ‘తక్కువ’ అని గుర్తు. పొద్దున్నదాకా నిక్షేపంగా తిరిగిన మనిషి సాయంత్రానికి రోగి అయిపోతాడు. డి తగ్గితే ఆయుష్షు తగ్గుతుందన్న వాదన మళ్లీ రాజుకుంది కాబట్టి ఆ 30 పుట్టుక చూడాలి. ఎండ, ఎముకలు, రికెట్స్ కథ అందరికీ తెలిసిందే.

2010 నవంబరులో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కమిటీ, మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటే 97.5 శాతం మంది అవసరం తీరుతుందని తేల్చింది. సగం మందికి 16 చాలు. మరుసటి ఏడాదే డి పరిశోధకుడు మైకేల్ హోలిక్ అధ్యక్షతన, హార్మోన్ వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం 20 లోపు ఉంటే లోపం, 30 దాకా చాలీచాలనితనం. పొడగరులు కూడా తల వంచకుండా వెళ్లేలా పెట్టిన ద్వారబంధాన్ని చూపించి, దాన్ని అందుకోని వాళ్లందరికీ ఎదుగుదల లోపం అంటగట్టినట్లయింది. 2010 కమిటీలోని కొందరు 2016లో ఇదే పొరపాటును ఎత్తిచూపారు. అప్పటికి పరీక్షలు, మాత్రలు మామూలైపోయాయి.

మరణాల మాట అంతకుముందే మొదలైంది. 13,331 మంది అమెరికన్ల వివరాలు చూసిన 2008 అధ్యయనంలో, డి 17.8 కన్నా తక్కువ ఉన్నవాళ్లలో మరణాల ముప్పు 26 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే మంచం పట్టినవాళ్లు ఎండకు వెళ్లరు. ఒంట్లో వాపు ఉంటే డి పడిపోతుంది. డి తగ్గి జబ్బు చేసిందా, జబ్బు చేసి డి తగ్గిందా? 2007లో 18 ట్రయల్స్ కలిపి చూసి, డి తీసుకున్నవాళ్లలో మరణాలు 7 శాతం తగ్గాయన్న పరిశోధకుడు ఫిలిప్ ఆటియే కూడా, ఆ తర్వాతి సమీక్షలో డి తగ్గడం అనారోగ్యానికి గుర్తే కావచ్చన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు కోసమే 25,871 మందితో వైటల్ ట్రయల్ నడిచింది. కొందరికి రోజుకు 2,000 యూనిట్ల డి, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర. ఐదేళ్లు దాటాక 2018లో ఫలితాలు వచ్చాయి. డి తీసుకున్నవాళ్లలో 485 మంది, తీసుకోనివాళ్లలో 493 మంది చనిపోయారు. ఆస్ట్రేలియాలో 21,315 మంది మీద జరిగిన డి-హెల్త్ ట్రయల్‌లోనూ మరణాలు తగ్గలేదు.

వైటల్‌లో చేరినవాళ్ల సగటు స్థాయి అప్పటికే 30 దాటి ఉందని, నిజంగా లోపం ఉన్నవాళ్ల సంగతి అది తేల్చలేదని డి పక్షం అంటుంది. ఈ మాటలో పస ఉంది. పుట్టుకతోనే డి తక్కువగా ఉండే జన్యువులున్నవాళ్లను మిగతావాళ్లతో పోల్చి చూసే జన్యు విశ్లేషణలు వాళ్లకు ఊతమిచ్చాయి. వాటిలో ఒకటైన 2021 నాటి పత్రాన్ని మాత్రం, లెక్కగట్టిన పద్ధతిలో లోపం బయటపడటంతో వెనక్కి తీసుకున్నారు. సరిచేసి మళ్లీ ప్రచురించేసరికి మరణాలతో ఆ సంబంధం కనిపించలేదు.

2024 జూన్‌లో ఎండోక్రైన్ సొసైటీయే తన 30 లక్ష్యాన్ని వదులుకుంది. ఆరోగ్యవంతులకు మామూలుగా ఈ పరీక్ష అక్కర్లేదంది. 75 ఏళ్లు దాటినవాళ్లకు మాత్రం, మరణాల ముప్పు తగ్గవచ్చంటూ డి తీసుకోమని సూచించింది, అదీ రక్తపరీక్ష లేకుండానే.