వాన చప్పుడు ఎవరి సొత్తు?

హనుమకొండలో మా స్నేహితులు నలుగురు కలిసి ఎనిమిది నిమిషాల యానిమేషన్ సినిమా ఒకటి తీశారు. చెరువు కట్ట మీద బతికే ఒక ముసలి కొంగ కథ. బొమ్మలకు పది నెలలు పట్టింది. చప్పుళ్లకు నాలుగు రోజులు చాలనుకున్నారు. యూట్యూబ్‌లో పెట్టిన మూడో రోజే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడింది. అందులో పాటలు లేవు, అది వచ్చింది రెండో నిమిషంలో కురిసే వాన మీద. "వానకు కూడా ఓనరుంటాడా అన్నా?" అని వాళ్లలో చిన్నవాడు అడిగాడు. వానకు ఉండడు, వాన రికార్డింగుకు ఉంటాడు. అంతవరకు చెప్పడం తేలికే. ఆ రికార్డింగులు ఎక్కడ పుట్టాయి, ఎవరి చేతుల్లోకి పోయాయి, వాటిలో మన వాన ఎందుకు లేదు అని అడిగితే మాత్రం వందేళ్లు వెనక్కి పోవాలి.

మామూలు సినిమా షూటింగులో మైకు ఎంతో కొంత పట్టుకుంటుంది. పనికిరాకపోయినా ఏ చప్పుడు ఎక్కడ రావాలో తెలుస్తుంది. యానిమేషన్‌లో ఆ ఆసరా కూడా లేదు. బొమ్మ నడిస్తే అడుగు వినపడదు, చెంబు దొర్లితే మోగదు. గాలి, ఊపిరి, ఈగ, అన్నీ బయటి నుంచి తెచ్చి పెట్టాల్సిందే. 1928లో డిస్నీ 'స్టీమ్‌బోట్ విల్లీ'కి న్యూయార్క్‌లో సంగీతాన్నీ చప్పుళ్లనూ కలిపి ఒకేసారి రికార్డు చేశారు. ఆ మరుసటి ఏడాది యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ అనే ఆయన తెర మీద బొమ్మ చూస్తూ అడుగుల చప్పుడు, బట్టల రాపిడి చేసి చూపించాడు. ఇవాళ హైదరాబాద్ స్టూడియోల్లో కూడా 'ఫోలీ' అంటున్నామంటే అది ఆయన ఇంటిపేరే. డిస్నీలో జిమ్మీ మెక్‌డొనాల్డ్ రేకులు, గొట్టాలు, చక్రాలతో లెక్కలేనన్ని పరికరాలు స్వయంగా తయారు చేసుకున్నాడు. తర్వాత రోజుల్లో మిక్కీ మౌస్ గొంతు కూడా ఆయనదే.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. 1885లో మొదలైన సురభి నాటకాల వాళ్లు తెర వెనక ఉరుములు ఉరిమించారు. మన ఒగ్గు కథలో డోలు దెబ్బ మారితే చాలు, కూర్చున్నవాడికి యుద్ధం కనపడుతుంది. తేడా ఒక్కటే. మనవాళ్లు చప్పుడు చేసి వదిలేశారు, వాళ్లు చేసి దాచుకున్నారు.

దాచుకోవడంతోనే అసలు కథ మొదలైంది. ప్రతి హాలీవుడ్ స్టూడియో తన చప్పుళ్లను రీళ్లలో భద్రపరిచి, సినిమా తర్వాత సినిమాకు అవే వాడుకుంది. 1951లో వార్నర్ బ్రదర్స్ సినిమా ఒకదానికి రికార్డు చేసిన ఒక మనిషి కేక అలాగే బతికింది. 1953లో వచ్చిన ఇంకో సినిమాలోని పాత్ర పేరు మీద దానికి 'విల్‌హెల్మ్ కేక' అని పేరు పడింది. 1977లో 'స్టార్ వార్స్' కోసం సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ ఆ పాత కేకను బయటికి తీసి వాడాక అది లెక్కలేనన్ని సినిమాల్లోకి ఎక్కింది. తర్వాత కొన్ని కంపెనీలు ఇలాంటి చప్పుళ్లను కట్టలు కట్టి రికార్డులుగా, టేపులుగా, సీడీలుగా అమ్మకానికి పెట్టాయి. 'రాయల్టీ ఫ్రీ' అనే మాటకు బలం వచ్చింది ఆ అమ్మకంలోనే. ఒకసారి కొంటే వాడిన ప్రతిసారీ కట్టనక్కర్లేదని దాని అర్థం. మనవాళ్లు 'ఫ్రీ' దగ్గరే ఆగిపోతారు.

నెట్ వచ్చాక ఆ అరలు తెరుచుకున్నాయి, కానీ ప్రతి అరకూ ఒక షరతు ఉంది. బార్సిలోనాలోని పాంపూ ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో ఫ్రీసౌండ్ మొదలుపెట్టింది. అక్కడ ఒక్కో ఫైలుకు ఒక్కో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే ఎలా వాడుకోవచ్చో సొంతదారు ముందే చెప్పిపెట్టే అనుమతి. సీసీ జీరో అయితే ఏ షరతూ లేదు. 'బై' అని ఉంటే రికార్డు చేసినవాడి పేరు టైటిల్స్‌లో వేయాలి. 'ఎన్‌సీ' అని ఉంటే డబ్బులొచ్చే పనికి వాడకూడదు. 2018లో బీబీసీ 16,000 చప్పుళ్లను జనానికి ఇచ్చింది. అది కూడా సొంతానికీ, చదువుకూ, పరిశోధనకూ మాత్రమే. సినిమా కాలేజీ ప్రాజెక్టుగా ఉన్నంతకాలం పరవాలేదు. దాని మీద యాడ్స్ ఆన్ చేసిన రోజు వేరే లైసెన్సు కొనాలి. మన కుర్రాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే, ఎందుకంటే చప్పుడు దించుకున్న రోజున యాడ్స్ మాట ఎవరికీ గుర్తుండదు.

మన చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగు మీద హక్కు నిర్మాతది, అంటే పూనుకుని, బాధ్యత తీసుకుని రికార్డు చేయించినవాడిది. విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. మొదట ఇది 50 ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కాబట్టి 1991తో ఆయన రచనల మీద విశ్వభారతి హక్కు తీరిపోయేది. ఆ గడువు పెంచడానికి 1992లో చట్టం మార్చారు. దాంతో పాటు రికార్డులకూ పదేళ్లు కలిశాయి. గురుదేవుల పుణ్యమా అని కుక్క అరుపు రికార్డుకు కూడా ఆయుష్షు పెరిగింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. అందులో ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియాకే అనీ చట్టం అనుకుంటుంది. వాట్సాప్‌లో "వాడుకో తమ్మీ" అన్న మెసేజ్‌ను నమ్ముకుని ప్రపంచమంతా చూసే చోట సినిమా పెట్టేవాళ్లు ఈ రెండు హద్దులూ ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

కొంగ సినిమాకు జరిగింది మాత్రం వేరు. వాళ్ల వాన నిజంగానే ఉచితం. అదే ఫైలును ఎవరో నిద్ర పట్టించే సంగీతంలో కలిపి, ఆ ట్రాక్‌ను కంటెంట్ ఐడీలో నమోదు చేయించారు. పెట్టిన వీడియోలను నమోదైన ట్రాకులతో పోల్చి క్లెయిమ్ వేసే యూట్యూబ్ ఏర్పాటు అది. 2007లో వచ్చిన ఈ యంత్రం పోలిక చూస్తుంది, న్యాయం చూడదు. సౌండ్ ఎఫెక్టులను విడిగా అందులో నమోదు చేయకూడదని యూట్యూబ్ నియమం ఉంది. పాటలో కలిసిపోయిన వానను మాత్రం ఎవరు వేరు చేస్తారు? క్లెయిమ్‌కు అభ్యంతరం చెప్పాలంటే ఆ ఫైలు ఎక్కడిదో, లైసెన్సు ఏమిటో చూపాలి. వీళ్ల దగ్గర 'రెయిన్ ఫైనల్ 2' అనే పేరు తప్ప ఏమీ లేదు. తాటిచెట్టు కింద పాలు తాగినవాడి పరిస్థితే. మూడు రాత్రులు టెన్షన్ పడి వెతికితే పాత ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ హిస్టరీ దొరికింది. అప్పటి నుంచి వాళ్లు ఫైలు దించుకున్న రోజే ఆ పేజీని, తేదీతో సహా పీడీఎఫ్ చేసి పెట్టుకుంటున్నారు.

నన్ను అడిగితే ఆ వానతో అసలు ఇబ్బంది క్లెయిమ్ కాదు. అది మన వాన కాదు. రేకుల షెడ్డు మీద, పెంకుటింటి మీద పడే వాన వేరు. ఆ ఫైలులో వాన వెనక ఎక్కడో యూరప్ పిట్ట ఒకటి కూస్తోంది. మన చెరువు కట్ట మీద ఆ పిట్ట ఎందుకుంటుంది? గోరింక ఉండాలి, వాన వెలిసిన రాత్రి కప్పలు గోల పెట్టాలి. పెద్ద లైబ్రరీలు హాలీవుడ్ స్టూడియోల్లో, బ్రిటిష్ రేడియోలో పెరిగాయి కాబట్టి వాటికి వాళ్ల తలుపులు, వాళ్ల గుర్రపు బండ్లు బాగా తెలుసు. కొత్తవాడలో దర్రీల మగ్గం, సిరిసిల్లలో మరమగ్గాల హోరు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య వేలంపాట, కాజీపేట జంక్షన్‌లో గూడ్సు బండి డబ్బాలు కలిసే దెబ్బ, పిండి గిర్ని బెల్టు కొట్టుకోవడం, ఇవి కావాలంటే మనమే పోయి పట్టుకోవాలి. మంచి ఫోను, చిన్న మైకు, తెల్లవారుజాము ఉంటే చాలావరకు పని జరుగుతుంది. అలా తెచ్చుకున్నదాని మీద హక్కు కూడా మనదే.

మనుషులు వాయించేది వచ్చేసరికి లెక్క మారుతుంది. చట్టంలో 'ప్రదర్శకుడు' అంటే ఎవరెవరో చెప్పే జాబితాలో నటుడు, గాయకుడితో పాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. ఒగ్గు డోలు కొట్టేవాడు, మేడారంలో డోలి వాయించే కోయ కళాకారుడు అందులోకి వస్తారు. ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు. సినిమాలో వాడుకోవడానికి ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే తర్వాత ఆ సినిమాకు అడ్డు చెప్పలేడు. కానీ వ్యాపారానికి వాడితే రాయల్టీ ఆయనకు రావాలి. ఆ దరువు తరతరాలుగా ఒక కులానిది, ఒక తెగది అయినప్పుడు ఆ తెగకు ఏమివ్వాలో కాపీరైట్ చట్టం చెప్పదు.

రెండో సినిమాకు మావాళ్లు జనగామ వైపు నుంచి ఒక డోలు కళాకారుణ్ణి పిలిపించారు. కాగితం తెలుగులోనే రాశారు. ఏ సినిమాకో, ఎన్నేళ్లకో, ప్రపంచమంతటా అనీ, పేరు టైటిల్స్‌లో వేస్తామనీ, డబ్బులొస్తే వాటా ఇస్తామనీ పెట్టారు. ఆయన మనవరాలితో చదివించుకుని, వాటా దగ్గర "ఎంత?" అని అడిగాడు. అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు. పది శాతం అని చేత్తో రాసి, పక్కన అందరూ సంతకాలు పెట్టారు. ఆ పూటకు ఇచ్చింది మేస్త్రీ కూలి అంత. తక్కువే ఇచ్చారని నేను ఇప్పటికీ అంటుంటాను.