నీలం పళ్ళావిడ

చిన్నూ, బుజ్జీ,

మీ ప్రశ్న అమ్మ ఫోన్లో చదివి వినిపించింది. మీ స్కూల్లో సిస్టర్ సెలవులకి కూడా వాళ్ళింటికి వెళ్ళరనీ, పూర్వం యూరప్‌లో అయితే గోడల మధ్య పెట్టి తాళం వేసేవాళ్ళటగా, నిజమేనా తాతయ్యా అనీ. తాళం సంగతి సగం నిజం. క్రైస్తవ సన్యాసినులు మఠం గడప దాటకూడదని 1298లో పోప్ హుకుం జారీ చేశాడు గానీ, అది అన్నిచోట్లా ఒకేలా సాగలేదు.

మఠాన్ని అత్తవారిల్లు అనుకోండి. వేలికి ఉంగరం, నెత్తిన ముసుగు, వెంట కట్నం. అవును, కట్నమే! అడక్కూడదని 1215లో చర్చే తీర్మానించినా, మన 1961 చట్టం లాగే, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకుంటూనే ఉన్నారు. కట్నం తెచ్చిన కోడళ్ళు లాటిన్ నేర్చుకుని, అర్ధరాత్రి లేచి కీర్తనలు పాడేవాళ్ళు. తేలేనివాళ్ళకి చాలాచోట్ల వంటిల్లూ, బట్టలుతకడమూ. ఇక అత్తగారు, అదే మఠాధిపతి, ఆవిణ్ణి చాలాచోట్ల కోడళ్ళే ఓట్లేసి ఎన్నుకునేవాళ్ళు. ఇక్కడ నా పోలిక తిరగబడిందని మీ నానమ్మ పక్కనుంచి ఒకటే నవ్వు.

అలాంటి ఒకావిడ జర్మనీలో హిల్డెగార్డ్, 1098లో పుట్టింది. వైద్యం మీద పుస్తకాలు రాసింది, పాటలు కట్టింది, చక్రవర్తికే చీవాట్లు పెడుతూ ఉత్తరాలు రాసింది. గొప్పింటి పిల్లల్నే ఎందుకు చేర్చుకుంటావని ఇంకో మఠం పెద్దావిడ నిలదీస్తే మాత్రం, ఎద్దుల్నీ గాడిదల్నీ గొర్రెల్నీ ఒకే కొట్టంలో కడతారా అంది. ఎంత చదువుకుంటే ఏం, నాకా మాట నచ్చలేదర్రా.

నాకు నచ్చినావిడ పేరు కూడా ఎవరికీ తెలీదు. జర్మనీలోనే డాల్‌హైమ్ అనే చోట చిన్న మఠం శ్మశానంలో ఆవిడ ఎముకలు దొరికాయి, దాదాపు వెయ్యేళ్ళ నాటి మనిషి. ఆవిడ పళ్ళ గారలో నీలం నలుసులు ఉన్నాయని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. లాపిస్ లజులీ అనే రాయి పొడి అది, ఆ రోజుల్లో అఫ్గానిస్తాన్ కొండల నుంచే రావాలి, ఖరీదులో బంగారంతో పోటీ. పుస్తకాల్లో బొమ్మలు వేస్తూ కుంచె మొన కోసం నోట్లో పెట్టుకుని తడుపుకునేదని వాళ్ళ ఊహ. మా నాన్నగారి కాపీయింగ్ పెన్సిల్, అంటే తడిస్తే సిరాలా రాసేది, నేనూ అలాగే నాలిక్కి అద్దుకుని రాసేవాణ్ణి, నోరంతా ఊదారంగు, బళ్ళో రెండు మొట్టికాయలు. ఆవిణ్ణి ఎవరైనా తిట్టారో, లేక అలాంటి పళ్ళవాళ్ళు ఆ గదిలో ఇంకా ఉన్నారో.

నేరేడుపళ్ళు వస్తున్నాయిగా. కడుపునిండా తిని అద్దం ముందు నాలిక చాపి చూసుకోండి. పళ్ళు రాత్రికి తోముకోవచ్చు, తొందరేం లేదు.

మీ తాతయ్య