‘ఆధారం చూపాలి’: పంక్ బృందాల పేజీల మీద తగువు ఎక్కడ మొదలైంది

మా అక్క కొడుకు తిరుపతిలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. బాలాజీ కాలనీలో ముగ్గురు స్నేహితులతో కలిసి ఉంటున్న గదిలో పుస్తకాల కన్నా గిటార్లకే ఎక్కువ చోటు. పోయిన నెలలో ఒక రాత్రి వాడు తనకు ప్రాణమైన అమెరికా పంక్ (వేగంగా, మొరటుగా సాగే ఒక తరహా రాక్ సంగీతం) బృందం గురించి ఇంగ్లిష్ వికీపీడియాలో ఉన్న పేజీ తెరిచి, ‘పాప్ పంక్’ (అందులోనే శ్రావ్యత పాలు ఎక్కువున్న రకం) అన్న చోట ‘పంక్’ అని మార్చాడు. పది నిమిషాల్లో పాత మాట తిరిగి వచ్చింది. మళ్ళీ మార్చాడు. మళ్ళీ పాతదే వచ్చింది. మూడోసారి మార్చాక హెచ్చరిక అందింది. ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు ఇంకా కోపం తగ్గలేదు. “మామా, పన్నెండేళ్ళ వయసు నుంచి వింటున్నాను. వాళ్ళ ప్రతి పాటా నాకు నోటికి వచ్చు. నన్ను ఆధారం చూపమంటారా?” అన్నాడు.

వాడి ప్రశ్న న్యాయమైనదే. అవతలివాళ్ళు అడిగినదీ న్యాయమే. ఈ తగువుకు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో వికీపీడియా వయసు సగమే.

1974లో న్యూయార్క్‌లో రమోన్స్, 1975లో లండన్‌లో సెక్స్ పిస్టల్స్ మొదలయ్యాయి. పేరు మోసిన బృందాలు కొన్ని పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్న మాట నిజం. వాటిని చూసి గిటారు పట్టిన వందల బృందాల దారి వేరు. కంపెనీ పిలుపు కోసం, పెద్ద పత్రికలో సమీక్ష కోసం కాచుకుని కూర్చోవడం వాళ్ళకు చిన్నతనంగా తోచింది. మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందం 1977 జనవరిలో అప్పు తెచ్చిన సుమారు 500 పౌండ్లతో నాలుగు పాటల రికార్డు తీసి, సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీద అమ్ముకుంది. అంతకు ఆరు నెలల ముందు, 1976 జూలైలో, లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా తనకు నచ్చిన పాటల గురించి టైపు చేసి, కాపీలు తీసి, కుట్టి పంచిపెట్టాడు. అలాంటి చిట్టి పత్రికలకే ఫ్యాన్‌జైన్లని పేరు. పంక్ చరిత్రలో చాలా భాగం ముందుగా రాసుకున్నది వాటిలోనే. సంపాదకుడు, విలేకరి, అచ్చువేసేవాడు, అమ్మేవాడు అన్నీ ఒక్కడే. అందులో రాసిన మాట తప్పా ఒప్పా అని సరిచూసే రెండో మనిషి లేడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ముప్పై ఏళ్ళ తర్వాత జరిగిన గొడవకు బీజం ఇక్కడే పడింది.

కళ్ళారా చూసినవాళ్ళు చెబుతున్నప్పుడు ఇంకా ఆధారం ఎందుకని మా వాడి వాదన. దానికి 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో జరిగిన ఒక కచేరీని జవాబుగా చెబుతాను. ఆ రోజు లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్ అనే చిన్న మందిరంలో సెక్స్ పిస్టల్స్ పాడారు. వచ్చినవాళ్ళు నలభై మంది వరకు ఉంటారని అంచనా. ఆ కొద్దిమందిలో కొందరు తర్వాత సొంత బృందాలు పెట్టి పేరు తెచ్చుకోవడంతో అదొక చారిత్రక ఘట్టమైంది. ఇక అప్పటి నుంచి ‘ఆ రోజు నేనూ ఉన్నాను’ అనేవాళ్ళు ఏటేటా పెరుగుతూ వచ్చారు. వాళ్ళంతా అబద్ధాలకోరులని నేను అనను. ఆరు వారాల తర్వాత, జూలై 20న, అదే చోట అదే బృందం మళ్ళీ పాడింది. ఎందరి జ్ఞాపకంలోనో రెండు రాత్రులూ కలిసి ఒకటైపోయి ఉంటాయి. మనసారా నమ్మి చెప్పిన మాట కూడా తప్పు కావచ్చు. విజ్ఞాన సర్వస్వం రాసేవాడికి దీనికి మించిన చిక్కు లేదు.

పంక్‌లో పేరు కూడా తగువే. మా వాడు ఒక రాత్రంతా పోరాడిన ‘పంక్’ అనే ముక్క సంగీత లక్షణాన్ని మాత్రమే చెప్పదు, నడవడికను కూడా చెబుతుంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్‌మన్ అనే వేదిక ఉంది. 1986 చివరి రోజున మొదలైంది. పెద్ద కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బృందాలకు అక్కడ చోటు ఉండేది కాదు. ఆ వేదిక మీదే పెరిగిన గ్రీన్ డే బృందం 1993లో పెద్ద లేబుల్‌కు వెళ్ళినప్పుడు ఆ తలుపు మూసుకుంది. మళ్ళీ అక్కడ పాడింది 2015లో. ఆ మధ్యకాలంలో వాళ్ళను పంక్ అనవచ్చా కూడదా అని అడిగితే, వినేవాడు రాగం, వేగం చూసి చెబుతాడు, గిల్‌మన్‌లో టికెట్లు చింపినవాడు ఒప్పందం చూసి చెబుతాడు. ఇద్దరూ తమకు తెలిసిన సత్యమే చెబుతారు. పేజీలో ఒక పక్కన ఉండే చిన్న పెట్టెలో ‘శైలి’ అన్నచోట పట్టేది మాత్రం ఒకటి రెండు ముక్కలే. ఇంత చరిత్ర అంత చిన్న పెట్టెలో ఇమడదు.

సభ్యుల జాబితా మరో పేచీ. బ్లాక్ ఫ్లాగ్ బృందాన్ని గ్రెగ్ గిన్ 1976లో మొదలుపెట్టాడు. 2013లో ఆయన ఆ పేరుతో మళ్ళీ కచేరీలకు బయలుదేరగా, పాత సభ్యులు కొందరు ‘ఫ్లాగ్’ అనే పేరుతో అవే పాటలు పాడుతూ వేరే దారిన వెళ్ళారు. వ్యవహారం కోర్టుకు ఎక్కింది. వాళ్ళను ఆపాలన్న గిన్ అభ్యర్థనను ఆ ఏడాది అక్టోబరులో న్యాయమూర్తి తోసిపుచ్చారు. న్యాయవాదులు, సాక్ష్యాలు, ఒప్పంద పత్రాలు ఉన్న కోర్టులోనే ఇంత పెనుగులాట జరిగితే, ఎవరైనా దిద్దగల పేజీలో ‘ప్రస్తుత సభ్యులు’ అనే రెండు ముక్కల కింద ఎన్ని రాత్రులు తెల్లవారతాయో ఊహించవచ్చు.

ఇక రెండో వైపు. వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. అంతకు ముందు అదే నిర్వాహకులు నడిపిన న్యూపీడియాలో పండితులు పరిశీలించాకే వ్యాసం వెలువడేది. అది నత్తనడక నడిచింది. ఆ వడపోత తీసేసి, ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అన్నారు. వ్యాసాలు వరదలా వచ్చాయి. వాటి వెంటే పోట్లాటలూ వచ్చాయి. ఒకరు రాసినది మరొకరు రద్దు చేయడం, వాళ్ళది వీళ్ళు రద్దు చేయడం ఎంతకీ తెగకపోవడంతో 2004లో ఒక గీత గీశారు. ఇరవై నాలుగు గంటల్లో ఒక పేజీలో మూడుసార్లకు మించి ఇతరుల దిద్దుబాట్లను రద్దు చేస్తే ఖాతాను కొంతకాలం నిలిపివేస్తారు. ఇందులో ఎవరి మాట ఒప్పు అన్న విచారణ ఉండదు. పోట్లాట ఆపి చర్చా పేజీకి రమ్మనడమే దాని ఉద్దేశం. ఆ గీత అంచున మా వాడు ఆగాడు.

‘ఆధారం చూపాలి’ అన్న పట్టుదల గట్టిపడింది మరుసటి ఏడాది. జాన్ సీగెంథలర్ అనే అమెరికా పాత్రికేయుడి పేజీలో 2005 మే నెలలో ఎవరో ఒక అబద్ధం చేర్చారు. కెనెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధం ఉందని ఒకప్పుడు అనుమానించినట్టు రాశారు. ఆయన రాబర్ట్ కెనెడీ దగ్గర పనిచేసిన మనిషి. ఆ రాత నాలుగు నెలల పైన అలాగే ఉండిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆ పెద్దమనిషి నవంబరులో పత్రికలో తన గోడు రాసుకున్నాక లోకం ఉలిక్కిపడింది. డిసెంబరు నుంచి ఖాతా లేనివారు ఇంగ్లిష్‌లో కొత్త పేజీలు సృష్టించడం ఆగింది. ఒక మనిషి పరువు అలా నాలుగు నెలలు గాలిలో వేలాడిన తర్వాత, నియమాలు బిగించినవారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అదే నియమం తిరగబడి మనసు కష్టపెట్టిన సందర్భమూ ఉంది. 2012లో నవలాకారుడు ఫిలిప్ రాత్ తన నవలకు ప్రేరణ ఎవరో వికీపీడియా తప్పుగా రాసిందని దిద్దించబోయారు. రచయిత మాట ఒక్కటే చాలదు, మరొకచోట అచ్చయిన ఆధారం కావాలని జవాబు వచ్చింది. ఆయన ఆ సెప్టెంబరులో న్యూయార్కర్ పత్రికలో బహిరంగ లేఖ ప్రచురించారు. అచ్చు కావడంతో ఆ లేఖే ఆధారమై పేజీలోకి ఎక్కింది. మనిషీ అతడే, మాటా అదే, మారినది కాగితం ఒక్కటే. రాత్ వంటి రచయిత కలం పట్టగానే పత్రిక చోటిచ్చింది. 1982లో ఒక్క క్యాసెట్టు తీసి విడిపోయిన బృందంలోని డ్రమ్మరుకు ఆ చోటు ఎవరిస్తారు?

పంక్ బృందాలు కోరి పెద్ద పత్రికల గడప తొక్కలేదు. వికీపీడియా పెద్ద పత్రికల గడప దాటివచ్చిన మాటనే నమ్ముతుంది. తగువుకు మూలం ఇదే. అభిమానుల దుడుకు, దిద్దేవారి మొండితనం ఆ తర్వాతివి. సంగీత బృందాలకు పేజీ ఉండాలంటే చూసే గుర్తులు కూడా అవే: అమ్మకాల పట్టికల్లో స్థానం, పేరున్న లేబుల్ మీద రెండు ఆల్బములు, స్వతంత్ర పత్రికల్లో చెప్పుకోదగిన కథనాలు. వీటిని వద్దనుకున్నవాళ్ళనే వీటితో కొలవాల్సి వచ్చింది.

డబ్బు తీసుకుని పేజీలు తీర్చిదిద్దే వ్యాపారం కూడా అనుమానాన్ని పెంచింది. 2013లో అలాంటి ఒక సంస్థతో ముడిపడిన వందల ఖాతాలను మూసేశారు. 2014 జూన్ నుంచి, డబ్బు పుచ్చుకుని రాసేవారు ఆ సంగతి వెల్లడించాలని నియమం వచ్చింది. ఆ రొష్టు తెలియని కుర్రవాడు తన బృందం గురించి తానే ప్రేమగా నాలుగు వాక్యాలు రాసుకున్నా అదే అనుమానం కిందికి వస్తాడు.

మన దేశంలో ఈ తగువు న్యాయస్థానం దాకా వెళ్ళింది. తమ గురించిన పేజీలోని రాతలు పరువు తీసేలా ఉన్నాయని ఏఎన్ఐ వార్తా సంస్థ 2024 జూలైలో ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. ఆ దావా గురించి రాసిన పేజీని అక్టోబరులో కోర్టు ఆదేశంతో తొలగించాల్సి వచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు ఆదేశాన్ని కొట్టివేసింది.

తెలుగు సంగతికి వస్తే, కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, 1923లో కన్నుమూసేనాటికి మూడు సంపుటాలే తేగలిగారు. అవి ‘అ’ అక్షరాన్ని దాటలేదు. ఎనభై ఏళ్ళ తర్వాత, 2003 డిసెంబరులో, వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. దాని పదకొండో వార్షికోత్సవం 2015 ఫిబ్రవరిలో తిరుపతిలోనే జరిగింది. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకున్నారు. ఎంత మంచి పేరు! రచ్చబండ మీద ఊరి పెద్ద నోటిమాటకు విలువ ఉండేది. కంప్యూటర్‌లోని రచ్చబండ మీద ఆ నోటిమాట చెల్లదు. ఈ లోటును గుర్తించే 2011లో అచల్ ప్రభల అనే పరిశోధకుడి బృందం మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపేడి భాషల్లో మనుషుల మాటలను రికార్డు చేసి ఆధారాలుగా ఇచ్చే ప్రయత్నం చేసింది. అది ఇంకా పెద్దదిగా సాగి ఉండవలసిన పని.

ఈ మాట తిరుపతి వాసిగా అంటున్నాను. అన్నమయ్య సంకీర్తనలు 32 వేలని ఎవరు చెప్పారు? ఆయన మనుమడు చిన్నన్న. ద్విపదలో తాత జీవిత కథ రాసినది ఆయనే. సొంత కుటుంబంలోని మనిషి. ఇప్పటి నియమంతో చూస్తే పనికిరాని సాక్షి. కానీ రాగిరేకులు బయటపడ్డాక వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు మనుమడి మాటను శాసనాలతో, రేకులతో పక్కపక్కన పెట్టి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో తూచి రాశారు. దొరికిన సంకీర్తనలు ఆ లెక్కలో సగానికి కూడా రావు. అయినా రేకు మీద చెక్కినవి కాబట్టే అవైనా మిగిలాయి. సాక్షిని కాదనకుండా, గుడ్డిగా నమ్మకుండా, మధ్యలో నిలబడి తూచే ఆ మనిషే పంక్ పాటకూ కావాలి.

చిత్తూరు జిల్లా పల్లెల్లో వేసవిలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారత యజ్ఞాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, చివరి రోజు మట్టితో చేసిన నిలువెత్తు దుర్యోధనుడి వధ. మా నాన్న ముప్పై ఏళ్ళు దుర్యోధనుడి వేషం కట్టారు. ఆయన రాగం తీస్తే పక్క ఊరికి వినిపించేదని ఇప్పటికీ చెబుతారు. ఉత్సవం గురించి పత్రికల్లో నాలుగు వాక్యాలు వచ్చేవి, వేషధారుల పేర్లు వచ్చేవి కావు. పంక్ బృందాలు పత్రికలను కాదనుకున్నాయి. మా నాన్న దాకా పత్రికలే రాలేదు. ఫలితం మాత్రం ఒకటే.

ఈ కథంతా విన్నాక మా వాడు చర్చా పేజీలో తన వాదన రాశాడు. ఏ పత్రిక, ఏ సంచిక, ఎన్నో పేజీ అని అవతలి నుంచి మర్యాదగానే అడిగారు. 1990ల నాటి ఫ్యాన్‌జైన్లను స్కాన్ చేసి దాచినవారి కోసం వెతుకుతున్నాడు. పేజీలో ‘పాప్ పంక్’ అలాగే ఉంది.

ఆ వెతుకులాటలోనే మా ఇంట్లో ట్రంకుపెట్టె కూడా తెరిచాడు. అడుగున ఒక నాటకం కరపత్రం దొరికింది. పాత్రలు, వాటి ఎదురుగా వేషధారుల పేర్లు, చందాలిచ్చిన వారి పేర్లు. దుర్యోధనుడికి ఎదురుగా మా నాన్న పేరు. మాసం, తిథి, వారం స్పష్టంగా ఉన్నాయి. సంవత్సరం పేరు ఉండవలసిన చోట కాగితం చిరిగింది. పక్కవీధి అయ్యవారి దగ్గర పాత పంచాంగాలు ఉన్నాయంటే, ఆ తిథి ఆ వారం నాడు పడిన ఏడు ఏదో ఇద్దరం కూర్చుని చూస్తున్నాం.