ఒకే ఓములు, వేర్వేరు వాట్లు: వేపింగ్ కాయిళ్లపై అపోహలు – వాస్తవాలు

“నాది 0.5 ఓముల కాయిల్. ఎన్ని వాట్లు పెట్టాలి?” కాయిళ్లు చుట్టేవాడిగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. వేపింగ్ అంటే నికోటిన్ కలిపిన లిక్విడ్‌ను ఈ-సిగరెట్‌లో వేడిచేసి ఆవిరి పీల్చడం. చుట్టిన తీగే కాయిల్, అది వేడెక్కి తన లోపలి దూది పీల్చుకున్న లిక్విడ్‌ను ఆవిరి చేస్తుంది. ఓములు దాని విద్యుత్ నిరోధం, వాట్లు దానికిచ్చే శక్తి. ఆ ఒక్క అంకె చూసి జవాబు చెప్పడం సాధ్యం కాదు. నికోటిన్ వ్యసనం కలిగిస్తుంది కాబట్టి పొగాకు అలవాటు లేనివారు వేపింగ్ జోలికి రావద్దు. ఇప్పటికే వాడుతున్న పెద్దవారి కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: ఓములు ఒకటైతే వాట్లూ ఒకటే.

గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 24 గేజ్ కాంథాల్ (ఇనుము, క్రోమియం, అల్యూమినియం మిశ్రమలోహం) తీగ మందం సుమారు 0.51 మిల్లీమీటర్లు, 28 గేజ్‌ది 0.32. రెండింటితోనూ 0.5 ఓముల కాయిల్ చేద్దాం. లావు తీగ ఏడు సెంటీమీటర్లు పడుతుంది. సన్న తీగ మూడు సెంటీమీటర్లకు లోపే సరిపోతుంది, 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద మూడు చుట్లు కూడా రావు. ఇక లోహపు ఉపరితలం లెక్క చూడండి: లావు తీగకు దాదాపు 113 చదరపు మిల్లీమీటర్లు, సన్న తీగకు 28. అంటే నాలుగు రెట్ల తేడా. రెండింటికీ 30 వాట్లు ఇస్తే, లావు తీగ మీద చదరపు మిల్లీమీటరుకు పావు వాటు పడుతుంది, సన్న తీగ మీద ఒక వాటు దాటుతుంది. మీటరులో రెండూ 0.5 అనే కనిపిస్తాయి. ఒకటి గోరువెచ్చని ఆవిరి ఇస్తుంది, రెండోది దూదిని మాడ్చేస్తుంది.

లావు తీగలో ఇంకో చిక్కు ఉంది. అదే నిరోధానికి దాని బరువు ఆరు రెట్లకు పైనే ఉంటుంది కాబట్టి బటన్ నొక్కాక వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది. ఆ ఆలస్యాన్ని చూసి చాలామంది వాట్లు పెంచేస్తారు. మొదటి క్షణం బాగానే ఉంటుంది, దమ్ము చివరికి వచ్చేసరికి గొంతు మండుతుంది. అలాంటప్పుడు వాట్లు పెంచే బదులు ఒక చుట్టు తగ్గించడమో, త్వరగా వేడెక్కే నిక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమలోహం) తీగకు మారడమో మేలు. రెండు మార్గాల్లోనూ ఓములు తగ్గుతాయి, మళ్లీ కొలుచుకోవాలి.

అపోహ: మాడు రుచి వచ్చిందంటే కాయిల్ పోయినట్టే.

ఒకాయన వరసగా మూడు కాయిళ్లు మార్చినా మాడు రుచి పోలేదంటూ అటామైజర్ (కాయిల్, దూది ఉండే భాగం) తెచ్చారు. దూది లాగబోతే కాయిల్ మొత్తం దానితో పాటు కదిలింది, అంత బిగించి కూరారు. బయటికి తీశాక చూస్తే రెండు చివర్లు తడిగా, తెల్లగా ఉన్నాయి. మధ్యలో మాత్రం గోరు వెడల్పున గోధుమ రంగు మచ్చ. లిక్విడ్ అక్కడిదాకా చేరనే లేదు. తీగలో ఏ లోపమూ లేదు. కొత్త దూదిని కొంచెం పలుచన చేసి పెట్టాం. కాయిల్ లోంచి జారుతున్నప్పుడు చేతికి స్వల్పంగా పట్టు తెలియాలి గానీ కాయిల్ ఆకారం చెడకూడదు. అవే వాట్ల దగ్గర మాడు రుచి పోయింది.

గ్లిజరిన్ ఎక్కువున్న చిక్కని లిక్విడ్ దూదిలోకి నెమ్మదిగా పాకుతుంది. పైగా లిక్విడ్‌లో ఉండే మరో ద్రవం ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, గ్లిజరిన్ 290 దాకా పోవాలి. దమ్ముకూ దమ్ముకూ మధ్య కొంత వ్యవధి ఇవ్వకపోతే దూది ఎండుతుంది. ఎండిన దూది, అతిగా వేడెక్కిన గ్లిజరిన్ కలిసి ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ వంటి హానికర పదార్థాలను పుట్టిస్తాయి. మాడు రుచి తగిలిన మొదటి దమ్ము దగ్గరే ఆపేయండి, ఓర్చుకుని మరో రెండు లాగవద్దు.

అపోహ: ఓములు ఎక్కువుంటే బ్యాటరీకి భయం లేదు.

ఇది మెకానికల్ మాడ్‌లో, అంటే సర్క్యూట్ లేకుండా బ్యాటరీని నేరుగా కాయిల్‌కు కలిపే పరికరంలో, కొంతవరకు నిజం. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ 4.2 వోల్టులు, 0.2 ఓముల కాయిల్ 21 ఆంపియర్లు లాగుతుంది, 0.15 అయితే 28. మంచి 18650 (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు) బ్యాటరీలు చాలావరకు 20–25 ఆంపియర్లకు మించి నిరంతరం ఇవ్వలేవు. సర్క్యూట్ ఉన్న మాడ్‌లో లెక్క వేరు. అక్కడ బ్యాటరీ మీద పడే భారాన్ని వాట్లు నిర్ణయిస్తాయి. ఒకే బ్యాటరీతో 80 వాట్లు పెట్టి, వోల్టేజి 3.2కు దిగితే 25 ఆంపియర్లు లాగుతుంది, కాయిల్ ఎన్ని ఓములైనా సరే.

ఎక్కువ మిల్లీ ఆంపియర్ అవర్లు (నిల్వ సామర్థ్యం) ఉన్నదే గొప్ప బ్యాటరీ అనుకోవద్దు. 3500 ఉన్నవి సాధారణంగా 10 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతాయి. పైనున్న ప్లాస్టిక్ తొడుగు చిరిగితే వెంటనే మార్చాలి, ఎందుకంటే బ్యాటరీ ఒళ్లంతా రుణధ్రువమే. జేబులో తాళాలతో కలిపి వేసుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

అపోహ: ఏ తీగైనా ఏ మోడ్‌లోనైనా నడుస్తుంది.

నడవదు. నికెల్, టైటానియం తీగలను ఉష్ణోగ్రత నియంత్రణ మోడ్‌లోనే వాడాలి. తీగ నిరోధంలో వచ్చే మార్పును బట్టి వేడిని అదుపు చేసే మోడ్ అది. వేడితో నిరోధం దాదాపు మారని కాంథాల్ ఆ మోడ్‌కు పనికిరాదు. 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఆ మోడ్‌కూ, మామూలు వాట్ల మోడ్‌కూ సరిపోతుంది.

అపోహ: వాట్లు పెంచితే ఆవిరి మాత్రమే పెరుగుతుంది.

ఆవిరితో పాటు నికోటిన్ కూడా పెరుగుతుంది. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న లిక్విడ్‌ను చిన్న పాడ్ (తక్కువ వాట్ల చిన్న పరికరం) నుంచి తీసి 60 వాట్ల కాయిల్‌లో పోస్తే తల తిరగడం, వికారం రావచ్చు. అలాంటి కాయిళ్లకు 3 మిల్లీగ్రాములదే చాలామందికి సరిపోతుంది.

నా పద్ధతి చెబుతాను. కొత్త కాయిల్ బిగించాక, దూది పెట్టకముందే 10–15 వాట్ల దగ్గర బటన్ తట్టి వదులుతాను. ఎరుపు మధ్యలో మొదలై అంచులకు పాకాలి. ఒక్క చుట్టే ముందు మెరిస్తే బటన్ వదిలేసి, సిరామిక్ పట్కారుతో మెల్లగా నొక్కి సర్దుతాను. దూది పూర్తిగా తడిశాక, అనుకున్న వాట్లకు బాగా కింద మొదలుపెట్టి రెండేసి వాట్లు పెంచుతాను. గొంతులో చిన్న గరుకు తగలగానే నాలుగు వాట్లు వెనక్కి వస్తాను. ఆ అంకెను తీగ గేజ్, చుట్లతో పాటు నోటు పుస్తకంలో రాసుకుంటాను, ఓములు పక్కన.