గోడ మీద ప్రకృతి చిత్రం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఖరీదైన రంగు వాడితే గోడ చిత్రం ఏళ్ల తరబడి చెక్కుచెదరదు.

వాస్తవం: మన్నికను ముందుగా నిర్ణయించేది గోడే. కొత్త సిమెంటు పూతలో క్షారగుణం చాలా ఎక్కువ కాబట్టి, కనీసం 28 రోజులు ఆరనివ్వకుండా వేసిన రంగు వెలిసిపోతుంది లేదా పట్టు తప్పుతుంది. కొత్తపట్నం, మైపాడు వంటి తీరగ్రామాల్లో దీనికి ఉప్పు తోడవుతుంది. గోడలోని చెమ్మ ఆరుతూ తనలో కరిగిన ఉప్పును పైకి తెచ్చి వదిలేస్తుంది. అరచేత్తో రుద్దినప్పుడు తెల్లటి పొడి అంటుకుంటే, ఆ గోడ మీద ఎంత మంచి రంగైనా పెచ్చులుగా లేస్తుందని ముందే చెప్పవచ్చు. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి, పొడిని నీళ్లు తగలకుండా బ్రష్షుతో దులపాలి (కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్లీ గోడలోకి ఇంకుతుంది), ఆ తరువాతే క్షారాన్ని తట్టుకునే ప్రైమరు పట్టించాలి. ఈ పని యజమాని కంటికి కనిపించదు కనుక దాని ఖర్చును కొటేషన్‌లో విడిగా చూపడం మంచిది. ఇక రంగుల్లో జేగురు వంటి ఐరన్ ఆక్సైడు రంగులు ఎండకు నిలుస్తాయి. చవక గులాబీ రంగులను పడమటి గోడకు నేను వాడను.

అపోహ: ఫొటో చేతిలో ఉంటే పెన్న ఒడ్డున ఎండలో కూర్చోనక్కర్లేదు.

వాస్తవం: మిట్టమధ్యాహ్నం మెరిసే ఇసుకను, పక్కనున్న తుమ్మచెట్టు నీడను కెమెరా ఒకేసారి పట్టలేక తరచూ నీడను నల్లగా ముద్ద చేస్తుంది. అక్కడే కూర్చుని చూసేవారికి ఆ నీడలో ఆకాశపు నీలం, అంచుల్లో ఇసుక నుంచి ఎగసే పసుపు కనిపిస్తాయి. అరచేయంత కాగితం మీద వాటిని నీటిరంగుల్లో పట్టుకుంటేనే ఇరవై అడుగుల గోడ మీద ఎండ ఎండలా ఉంటుంది.

అపోహ: గళ్లు గీసి, ప్రొజెక్టరు పెట్టి వేసేది కళ కాదు.

వాస్తవం: అవి చిన్న బొమ్మను గోడ కొలతకు పెంచడానికి మాత్రమే పనికొస్తాయి, పరంజా మీద నిలబడినవారికి బొమ్మ మొత్తం కనిపించదు కదా.

అపోహ: చిత్రంపై హక్కులన్నీ వేసినవారివే.

వాస్తవం: కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే తొలి హక్కుదారు. అయినా, చిత్రకారుడిగా గుర్తింపు పొందే హక్కు, పరువుకు భంగం కలిగేలా చిత్రాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ కింద మనకే మిగులుతాయి. ఢిల్లీలోని ప్రభుత్వ సమావేశ మందిరం విజ్ఞాన్ భవన్ నుంచి తొలగించిన కుడ్యశిల్పం విషయంలో, దాన్ని చేసిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్ 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచింది ఈ సెక్షన్ ఆధారంగానే. అందువల్ల క్యాలెండర్లకు, ప్రకటనలకు ఆ చిత్రాన్ని ఎవరు వాడుకోవచ్చో అడ్వాన్సు తీసుకునే ముందే కాగితం మీద రాయించుకోవాలి.