వాల్వ్ స్ప్రింగ్ గీసే గీత

ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూకి ల్యాప్‌టాప్ తగిలించి, ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే రెవ్ లిమిటర్ దగ్గర 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని ఉన్న అంకెను 8,000 చేయడానికి నిమిషం కూడా పట్టదు. రేసింగ్‌కు ఇంజిన్ సిద్ధం చేసేవారిని బాగా ఊరించే మార్పు ఇదే. చిక్కల్లా ఏమిటంటే, అది వాల్వ్ స్ప్రింగ్‌ను, అంటే సిలిండర్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే తలుపులాంటి వాల్వ్‌ను మూసే స్ప్రింగ్‌ను, సంప్రదించకుండా తీసుకున్న నిర్ణయం.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. 8,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకు 66 సార్లకు పైగా తెరుచుకుని మూసుకోవాలి. క్రాంక్ 270 డిగ్రీలు తిరిగేంతసేపు వాల్వ్ తెరిచి ఉంటుందనుకుంటే, ఆ వ్యవధి సుమారు 5.6 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే అది 10 మిల్లీమీటర్లు దిగి, ఆగి, వెనక్కి వచ్చి, అది ఆనే అంచు అయిన సీట్ మీద కూర్చోవాలి.

క్యామ్ (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు) వాల్వ్‌ను తోయగలదు గానీ లాగలేదు. దిగుతున్న వాల్వ్‌కు కళ్లెం వేసి వెనక్కి తేవాల్సింది స్ప్రింగే. ఎంత బలం కావాలో ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. వాల్వ్, స్ప్రింగ్‌ను వాల్వ్‌కు పట్టి ఉంచే రిటైనర్, క్యామ్ తోపును అందుకునే టాపెట్, వాటితో పాటు స్ప్రింగ్ బరువులో మూడో వంతు కలిపి 100 గ్రాములనుకుందాం. వాల్వ్ కదలికను సాదా సైన్ తరంగంగా తీసుకుంటే, పూర్తిగా తెరుచుకున్న క్షణాన 7,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 49 కిలోల బలం చాలు. 8,000 దగ్గర అది 64 కిలోలు, 9,000 దగ్గర 80 కిలోలు. అసలు క్యామ్‌లలో అంకెలు మారతాయి. బలం వేగానికి వర్గంలా పెరుగుతుందన్న సూత్రం మాత్రం మారదు.

బలం చాలకపోతే, స్పీడ్‌బ్రేకర్ మీదుగా దూసుకెళ్లిన బండి చక్రం నేల విడిచినట్టు, టాపెట్ క్యామ్‌ను విడిచి లేస్తుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. గాల్లోకి లేవడం కన్నా దిగడమే ప్రమాదం. వాల్వ్‌ను సీట్ మీద మెల్లగా దించడానికి క్యామ్ చివర ఒక వాలు ఉంటుంది. ఆలస్యమైన వాల్వ్ ఆ వాలును దాటేసి నేరుగా సీట్‌ను గుద్దుకుని ఎగురుతుంది. ముందు పవర్ పడిపోతుంది. అలాగే నడిపిస్తే వాల్వ్ తల, కాడ కలిసేచోటో, రిటైనర్ లాక్ పట్టే గాడి దగ్గరో లోహం అలిసి పగులు పుడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకునే వేళకు పిస్టన్ దాని వెంటే పైకి వస్తుంటుంది కాబట్టి, అక్కడ ఆలస్యమైతే రెండూ ఢీకొంటాయి. నూనె పీడనంతో ఖాళీని తమంతట తామే పూడ్చుకునే హైడ్రాలిక్ టాపెట్లతో ఇంకో తంటా: ఖాళీ కనబడగానే వాటిలోకి నూనె చేరుతుంది, ఇక వాల్వ్ పూర్తిగా మూసుకోదు.

గట్టి స్ప్రింగ్ వేస్తే సరిపోదా? కొంతవరకే. స్ప్రింగ్‌కూ బరువుంది, అది సహజంగా ఊగే సొంత పౌనఃపున్యం ఉంది. క్యామ్ కదలికలోని హార్మోనిక్‌లు (దాని వేగానికి గుణిజాలైన కంపనాలు) దానితో కలిస్తే చుట్లలో అలలు పరుగెత్తి, ఒక్కో క్షణం బలం అనుకున్నదాని కన్నా పడిపోతుంది. తేనెపట్టు ఆకారపు స్ప్రింగ్‌లు, ఒకదానిలో ఒకటి ఒరుసుకునే జంట స్ప్రింగ్‌లు వచ్చింది ఈ అలలను అణచడానికే. పైగా స్ప్రింగ్ గట్టిపడేకొద్దీ క్యామ్ అరుగుదల పెరుగుతుంది.

అందుకే నా ఓటు ముందు బరువు తగ్గించడానికే. అయితే ఎక్కడ తగ్గించాలన్నది తెలియాలి. పుష్‌రాడ్ ఇంజిన్‌లో క్యామ్ తోపును పుష్‌రాడ్ అనే కడ్డీ, రాకర్ అనే మీట వాల్వ్‌కు చేరుస్తాయి. రాకర్ నిష్పత్తి 1.6 ఉంటే, అంటే పుష్‌రాడ్ కన్నా వాల్వ్ 1.6 రెట్లు కదిలితే, వాల్వ్ వైపు నుంచి చూస్తే పుష్‌రాడ్ వైపున్న ఒక గ్రాము 0.4 గ్రాముతో సమానం, ఎందుకంటే 1.6 వర్గం 2.56. కాబట్టి టైటానియం రిటైనర్ మీద పెట్టే ఖర్చు ఫలిస్తుంది. పుష్‌రాడ్‌ను సన్నం చేస్తే మాత్రం అది విల్లులా వంగి, నిటారయ్యేటప్పుడు వాల్వ్‌ను విసిరేస్తుంది. అక్కడ కాస్త బరువైనా గట్టిదే మేలు.

స్ప్రింగ్‌నే వదిలించుకున్నవారూ ఉన్నారు. 1954లో మెర్సిడెస్ డబ్ల్యూ196 రేసు కారులో వాల్వ్‌ను మూయడానికీ క్యామ్‌నే వాడారు. డుకాటీ మోటార్‌సైకిళ్లు ఆ పద్ధతికే పేరుపడ్డాయి. 1986లో రెనో ఫార్ములా వన్ ఇంజిన్‌లో లోహపు స్ప్రింగ్ స్థానంలో పీడనం నింపిన వాయువును పెట్టింది. ఆ దారిలోనే 2006లో కాస్‌వర్త్ వీ8 ఇంజిన్ 20,000 ఆర్‌పీఎం అందుకుంది.

లిమిటర్ ఎక్కడ పెట్టినా అది కాపాడలేని సందర్భం ఒకటుంది. దాని చేతిలో ఉన్నది ఇంధనాన్నో స్పార్క్‌నో ఆపడం వరకే. నాలుగో గేర్‌లో 6,500 దగ్గర ఉన్న డ్రైవర్ మూడుకు బదులు రెండులోకి వేస్తే ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి. గేర్ నిష్పత్తులు 1.2, 2.0 అయితే ఇంజిన్ 10,800 దాటుతుంది. ఇంజిన్ మామూలుగానే నడుస్తున్నా, ఆ తర్వాత టాపెట్ క్లియరెన్స్ (వాల్వ్ మూసి ఉన్నప్పుడు దాన్ని తోసే భాగాల మధ్య ఉండే సన్నని సందు) కొలవకుండా రేసుకు పంపకూడదు. ఏదైనా వాల్వ్ దగ్గర అది హఠాత్తుగా తగ్గితే వాల్వ్ సాగిందనో, సీట్ లోపలికి దిగిందనో అనుమానించాలి. పెరిగితే వాల్వ్ వంగి సీట్ మీద సరిగా కూర్చోవడం లేదేమో చూడాలి. రెండింటిలో ఏది కనబడినా, వాల్వ్‌లు ఉండే సిలిండర్ హెడ్‌ను దించాల్సిందే.