కాలు కింద పెట్టనివ్వని ప్రేమ

"మా నాన్నను కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నాం" అని ఎవరైనా అంటే వినేవాళ్లకు ముచ్చటేస్తుంది, చెప్పేవాళ్లకూ గర్వంగా ఉంటుంది. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ వయసు పైబడినవాళ్ల మనసు మీద, వాళ్ల కుటుంబాల మీద దాదాపు యాభై ఏళ్లుగా వస్తున్న పరిశోధనలు చదువుతూ పోతే ఆ మాట వెనక ఒక చిక్కు కనిపిస్తుంది. అవసరానికి మించిన సాయం మనిషికి మేలు చేయకపోగా, ఉన్న శక్తిని కూడా లాగేసుకోగలదు.

జెర్రీ ఎవార్న్ అనే వైద్యుడు, ఎలెన్ లాంగర్ అనే సైకాలజిస్టు 1982లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న 72 మందికి జిగ్సా పజిల్ ఇచ్చారు. కొందరి పక్కన ఒక మనిషి కూర్చుని, ఏ ముక్క ఎక్కడ పెట్టాలో చూపిస్తూ చేతిసాయం చేశారు. ఇంకొందరి పక్కన కూడా మనిషి ఉన్నారు గానీ ముక్కలు ముట్టుకోలేదు, బాగా చేస్తున్నారు కానివ్వండి అన్నట్టుగా ప్రోత్సహించారంతే. మూడో బృందాన్ని వాళ్ల మానాన వాళ్లని వదిలేశారు. ఇలా కొన్నిసార్లు సాధన అయ్యాక పరీక్ష పెట్టి చూస్తే, మాటతో ప్రోత్సాహం దొరికినవాళ్లు మెరుగుపడ్డారు, చేతిసాయం అందుకున్నవాళ్లు మొదట్లో ఉన్నదానికంటే వెనకబడ్డారు. పజిల్ ఎక్కువ కష్టంగా అనిపించిందీ, తమ మీద తమకు నమ్మకం తక్కువున్నదీ వీళ్లకే. "మీవల్ల కాదు" అని వాళ్లతో ఎవరూ అనలేదు. అడగకుండానే పని అందుకుంటే ఇక ఆ మాట విడిగా అనక్కర్లేదు కదా.

జర్మనీకి చెందిన మార్గ్రెట్ బాల్టెస్ అయితే ఈ సంగతిని ఇంకోవైపు నుంచి పట్టుకున్నారు, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఆవిడ పనే. స్నానం, తిండి, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తున్నారు, దానికి పక్కనున్నవాళ్లు ఎలా స్పందిస్తున్నారు అని ఆవిడ బృందం దగ్గరుండి గమనిస్తూ రాసిపెట్టుకుంది. చొక్కా గుండీలు తంటాలు పడుతూ తనే పెట్టుకుంటున్న మనిషిని సిబ్బంది పెద్దగా పట్టించుకోరు. చేతులు వదిలేసి కూర్చున్న మనిషి దగ్గరికి మాత్రం వెంటనే ఎవరో ఒకరు వస్తారు, పలకరిస్తారు, గుండీలు పెడతారు. అదే వరస మళ్లీ మళ్లీ. రోజు మొత్తంలో ఇంకో మనిషి తన దగ్గర కూర్చునేది ఆ కాసేపే అయినప్పుడు, గుండీలు పెట్టుకోవడం మానేయడం బద్ధకమూ కాదు, చేతకానితనమూ కాదు, లెక్క ప్రకారం తెలివైన పని! ఇలా ఆధారపడటాన్ని బాల్టెస్ ఉత్త ఓటమిగా చూడలేదు, మనుషుల తోడు సంపాదించుకునే ఒక దారిగా కూడా చూశారు. తర్వాత సిబ్బందికి శిక్షణ ఇచ్చి, సొంతంగా చేసుకునే ప్రయత్నాన్ని గమనించి మెచ్చుకోమంటే, పెద్దవాళ్లు సొంతంగా చేసుకునే పనులు కూడా పెరిగాయి.

ఈ రంగంలో అందరూ చెప్పుకునేది మాత్రం మొక్కల ప్రయోగం. 1976లో లాంగర్, జుడిత్ రోడిన్ కలిసి కనెక్టికట్‌లోని ఒక సంరక్షణ కేంద్రంలో చేశారు. ఒక అంతస్తు వాళ్లకు, మీ గదిలో సామాను ఎలా సర్దుకోవాలో మీ ఇష్టం, సినిమా ఏ రోజు చూడాలో మీ ఇష్టం, ఈ మొక్కల్లో మీకు నచ్చింది తీసుకుని మీరే చూసుకోండి అన్నారు. ఇంకో అంతస్తు వాళ్లకూ మొక్కలు ఇచ్చారు, కానీ నీళ్లు నర్సులే పోస్తారన్నారు. మూడు వారాలకే మొదటి అంతస్తు వాళ్లలో హుషారు పెరిగింది. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే ఆ అంతస్తులో 47 మందిలో 7గురు, రెండో అంతస్తులో 44 మందిలో 13 మంది చనిపోయి ఉన్నారు. సోషల్ మీడియాలో ఇది "మొక్క పెంచితే ఆయుష్షు పెరుగుతుంది" అయిపోతుంది, అక్కడే నాకు చిరాకు. సంఖ్యలు చాలా చిన్నవి, మరణాల తేడాకు వేసిన గణాంకంలో పొరపాటు ఉందని పరిశోధకులే తర్వాత సవరణ కూడా ఇచ్చారు. సవరించాక తేడా అంత గట్టిగా నిలబడలేదు. హుషారు సంగతి నమ్మొచ్చు, ఆయుష్షు సంగతి కాస్త ఆగి ఆలోచించాలి.

అదే 1976లో రిచర్డ్ షుల్జ్ ఇంకో ప్రయోగం చేశారు, దానికి అంత పేరు రాలేదు. కాలేజీ విద్యార్థులు వృద్ధులను చూడటానికి వెళ్లేవారు. ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో కొందరు వృద్ధులే నిర్ణయించేవారు, ఇంకొందరికి ఎప్పుడొస్తారో ముందే చెప్పేవారు, మరికొందరి దగ్గరికి చెప్పాపెట్టకుండా వెళ్లేవారు. మొదటి రెండు రకాల వాళ్లకూ మేలు జరిగింది. అయితే ప్రయోగం అయిపోయి విద్యార్థులు రావడం మానేశాక, కొన్నేళ్లకు మళ్లీ వెళ్లి చూస్తే బాగా దిగజారింది కూడా ఆ మేలు పొందినవాళ్లే. నిర్ణయం చేతికిచ్చి మళ్లీ వెనక్కి తీసేసుకుంటే ఏమవుతుందో ఇంతకంటే బాగా చెప్పిన అధ్యయనం నేను చదవలేదు.

సరే, ఇవన్నీ సంరక్షణ కేంద్రాల మాటలు, సొంత పిల్లల దగ్గర అలా ఉండదు కదా అంటారా? 1996లో మెర్రిల్ సిల్వర్‌స్టైన్ బృందం అమెరికాలోని పెద్దవయసు తల్లిదండ్రులను పరిశీలించింది. పిల్లల నుంచి ఒక మోస్తరు సాయం అందినంతవరకు మనసుకు మంచిదే, అది మరీ ఎక్కువైతే మాత్రం మేలు కీడుగా మారింది. 2003లో స్టెఫనీ బ్రౌన్ బృందం 423 జంటలను ఐదేళ్లపాటు గమనించి చూసింది. బంధువులకో స్నేహితులకో పనుల్లో సాయపడేవాళ్లలో, జీవిత భాగస్వామికి మనసుకు ఊరటనిచ్చేవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయి. సాయం పుచ్చుకోవడం వల్ల అలాంటి ప్రయోజనం కనబడలేదు. ఆరోగ్యం బాగున్నవాళ్లే సాయం చేయగలరు కదా అనే అనుమానం ఎవరికైనా వస్తుంది, వాళ్లకూ వచ్చింది, ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఫలితం అలాగే నిలిచింది.

సేవ చేసేవాళ్ల సంగతి కూడా చూడాలి. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) వచ్చిన బంధువును చూసుకుంటున్న 13 మంది మహిళల చేతి మీద చిన్న గాయం చేసి ఎన్నాళ్లకు మానుతుందో చూసింది. అలాంటి బాధ్యత లేనివాళ్ల కంటే సగటున తొమ్మిది రోజులు ఆలస్యమైంది. 1999లో షుల్జ్, స్కాట్ బీచ్ కలిసి, భార్యకో భర్తకో సేవ చేస్తూ టెన్షన్‌తో నలిగిపోతున్న పెద్దవయసువాళ్లలో నాలుగేళ్లలో మరణించే ప్రమాదం 63 శాతం ఎక్కువని తేల్చారు. ఇది చదివి సేవ చేయడమే ప్రమాదం అనుకోకండి. అదే అధ్యయనంలో, సేవ చేస్తున్నా అంత ఒత్తిడి లేనివాళ్లకు ఆ ప్రమాదం కనబడలేదు. 2013లో డేవిడ్ రాత్ బృందం ఇంకా చాలా పెద్ద సంఖ్యలో పరిశీలిస్తే సేవ చేసేవాళ్లలోనే మరణాలు 18 శాతం తక్కువని వచ్చింది. నా ఉద్దేశంలో ఈ రెండూ కొట్టుకోవు: మనిషిని అరగదీసేది సేవ కాదు, ఊపిరాడకుండా అంతా ఒక్కరి నెత్తిన పడటం.

న్యూయార్క్‌లో మేరీ మిటెల్మన్ బృందం చేసింది సరిగ్గా ఆ బరువు పంచే పనే. అల్జీమర్స్ వచ్చినవాళ్లను చూసుకుంటున్న 406 మంది భార్యాభర్తలను తీసుకుని, అందులో సగం మందికి విడిగానూ, మిగతా కుటుంబసభ్యులతో కలిపి కూర్చోబెట్టీ కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడటానికి ఒక మనిషి ఉండేవారు. కొత్త మందేమీ లేదు. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఈ సాయం అందిన కుటుంబాలు జబ్బు మనిషిని సంరక్షణ కేంద్రంలో చేర్చాల్సి రావడం దాదాపు 557 రోజులు వెనక్కి జరిగింది. దీనికి కారణాలు వెతికితే చాలావరకు సేవ చేసే మనిషి వైపే తేలాయి: అయినవాళ్ల అండ ఉందన్న తృప్తి పెరిగింది, డిప్రెషన్ తగ్గింది, రోగి చిరాకు చేష్టలను ఓర్చుకోవడం తేలికైంది.